పెద్ద కుక్క గోళ్లు: ఇంట్లోనే తీయాలా, గ్రూమర్ దగ్గరికి తీసుకెళ్లాలా?

రాత్రి పదకొండు దాటి అందరూ పడుకున్నాక మా బ్రూనో నీళ్లు తాగడానికి హాల్లోంచి వంటింటి వైపు నడిచేవాడు. టైల్స్ మీద టక్, టక్, టక్ అని చప్పుడు. ఇల్లంతా నిద్రపోతుంటే ఒకడు కాపలా తిరుగుతున్నాడన్న ధైర్యం ఉండేది నాకు ఆ చప్పుడు వింటే. టీకా వేయించడానికి వెళ్లినప్పుడు వెటర్నరీ డాక్టర్ గారు వాడి ముందు కాలు చేతిలోకి తీసుకుని, "గోళ్లు తీసి ఎన్నాళ్లైందండీ?" అని అడిగేదాకా దాని అర్థం తెలియలేదు. కుక్క మామూలుగా నిలబడ్డప్పుడు గోరు నేలకు ఆనకూడదు. ఇంట్లో నడుస్తుంటే చప్పుడు వస్తోందంటే గోళ్లు పెరిగిపోయాయని లెక్క.

బ్రూనో నల్ల లాబ్రడార్. ఐదేళ్లు, 34 కిలోలు. మా అపార్ట్‌మెంట్‌లో కుక్కలున్న వాళ్లందరినీ అడిగాను. సగం మంది "దానికేముందండీ, ఒక కట్టర్ కొనుక్కుని ఇంట్లోనే తీసెయ్యండి" అన్నారు. మిగతా సగం "అమ్మో, మీరు ముట్టుకోకండి, రక్తం కారుతుంది, పార్లర్‌కి తీసుకెళ్లండి" అన్నారు. కుక్కలకు స్నానం, బొచ్చు, గోళ్ల పని చేసే గ్రూమర్లు ఉండే చోటన్నమాట. రెండేళ్లలో రెండు దారులూ చూశాను. రెండింట్లోనూ తప్పులు జరిగాయి, వాటికి మూల్యం బ్రూనోనే చెల్లించాడు. ఇప్పుడు నాకు అర్థమైంది ఏమిటంటే, ఎవరు తీయాలన్నది తర్వాతి సంగతి. ముందు తేలాల్సింది ఎన్నాళ్లకోసారి తీస్తున్నాం, ఒక్కోసారి ఎంత తీస్తున్నాం అన్నది. అది తేలితే ఇల్లా గ్రూమరా అన్న చిక్కు చాలావరకు విడిపోతుంది.

గోరు లోపల ఏముంది

మన గోరు వేలి మీద పరిచిన పలక లాంటిది. కుక్క గోరు అలా కాదు. వేలి చివరి ఎముక కొన గోటి లోపలికే వెళ్తుంది, దాని మీద తొడుగులా గోరు ఉంటుంది. ఆ ఎముకకూ పైనున్న గట్టి పొరకూ మధ్య రక్తనాళాలు, నరాలు ఉన్న మెత్తని భాగం ఉంటుంది. గ్రూమర్లు, డాక్టర్లు దాన్ని క్విక్ అంటారు. పైపొర కోస్తే నొప్పి లేదు, మన జుట్టు కోసినట్టే. క్విక్ తెగితే మాత్రం రక్తం, దాంతోపాటు మంచి నొప్పి. గోరు మరీ లోపలికి కోసుకున్నప్పుడు మనకు ప్రాణం జివ్వుమంటుంది కదా, దానికి ఇంకాస్త ఎక్కువ అనుకోండి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. గోరు తీయకుండా వదిలేస్తే అది పెరిగేకొద్దీ లోపలి క్విక్ కూడా దాని వెంటే ముందుకు సాగుతుంది. ఆరు నెలలు వదిలేసిన గోటిని ఒకే రోజు పొట్టిగా చెయ్యడం ఎవరి వల్లా కాదు, ఎంత చెయ్యి తిరిగిన గ్రూమర్‌కైనా సరే. లోపల క్విక్ అడ్డం ఉంటుంది. చివర కొంచెం కొంచెం, తరచుగా తీస్తూ పోతే క్విక్ నెమ్మదిగా వెనక్కి తగ్గుతుంది. దానికి కొన్ని వారాలు పట్టొచ్చు, బాగా పెరిగిన గోటికి నెలలు కూడా పట్టొచ్చు. రెండు నెలలకోసారి పార్లర్‌కి తీసుకెళ్లి "బాగా పొట్టిగా తియ్యండి" అని అడిగేవాళ్లకు గోళ్లు ఎప్పటికీ పొట్టిగా కాకపోవడానికి కారణం ఇదే. నేనూ అలాగే అడిగేవాణ్ని.

గోరు పొడుగ్గా ఉంటే ఏమవుతుందన్నది పెద్ద కుక్క విషయంలో ఇంకా ముఖ్యం. నేలను పట్టుకునేది అరికాలి మెత్తలు. గోరు ముందుగా నేలకు తగిలితే వేలు పైకి నెట్టుకుపోతుంది, మెత్త సరిగ్గా ఆనదు. గ్రానైట్ మీద, టైల్స్ మీద కాళ్లు జారతాయి. నాలుగు కిలోల పొమేరియన్ జారితే ఒక రకం, 34 కిలోల లాబ్రడార్ మలుపు తిరుగుతూ వెనక కాళ్లు జారి కూలబడితే ఇంకో రకం. లాబ్రడార్లకు, జర్మన్ షెపర్డ్‌లకు తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం ఎలాగూ ఎక్కువ. ఆ కీలు మీద రోజూ పడే అదనపు భారం వయసు మీద పడ్డాక బయటపడుతుంది. సోఫా గుడ్డలోనో, బాల్కనీ గ్రిల్‌లోనో పొడుగాటి గోరు ఇరుక్కుని మొదలంటా చీలిపోవడం ఇంకో ప్రమాదం. బరువైన కుక్క ఒక్కసారి గుంజుకుంటే గోరు నిలవదు.

మామూలుగా కుక్కకు 18 గోళ్లు. కాలికి నాలుగు చొప్పున 16, ముందు కాళ్ల లోపలి వైపు కాస్త పైన ఉండే బొటనవేళ్లవి రెండు. డ్యూక్లా అంటారు వాటిని. సెయింట్ బెర్నార్డ్ లాంటి కొన్ని జాతుల్లో వెనక కాళ్లకూ ఉండొచ్చు. ఇవి నేలకు తగలవు కాబట్టి అరగవు. పట్టించుకోకపోతే కొక్కెంలా వంపు తిరిగి మళ్లీ చర్మంలోకే దిగబడతాయి. బొచ్చు ఎక్కువున్న కుక్కల్లో అది కనపడదు కూడా, చేత్తో తడిమి చూస్తేనే తెలుస్తుంది.

నేను ఇదంతా చెబుతుంటే అమ్మ ఒకటే మాట అడిగింది. "మన ఊళ్లో కుక్కలకి ఎవడు తీశాడ్రా గోళ్లు?" న్యాయమైన ప్రశ్నే. ఊరి కుక్క పొద్దస్తమానం గులకరాళ్ల మీద, సిమెంటు రోడ్డు మీద, గట్ల మీద తిరుగుతుంది, మట్టి తవ్వుతుంది. వాటి గోళ్లు నేలే అరగదీస్తుంది. బ్రూనో మాత్రం లిఫ్ట్‌లో దిగి, పార్కు గడ్డిలో అరగంట తిరిగి, మళ్లీ టైల్స్ మీదకి వచ్చేస్తాడు. రోహిణి కార్తెలో అదీ ఉండదు. ఏడింటికే రోడ్డు వేడెక్కడం మొదలవుతుంది, అరికాళ్లు కాలతాయని తెల్లారేలోపే ఓ పదిహేను నిమిషాలు తిప్పి తీసుకొచ్చేస్తాం. వానాకాలం వస్తే నేలంతా మెత్తబడుతుంది. ఎండాకాలం చివర్లో గోళ్లు చూస్తే ఈ తేడా కంటికే తెలుస్తుంది. కీళ్ల నొప్పులతో తక్కువ నడిచే ముసలి కుక్కలదీ ఇదే పరిస్థితి. అందుకే "నెలకోసారి" అని ఒక లెక్క పెట్టుకోవడం కంటే చప్పుడు వినడం, పక్క నుంచి వంగి చూడటం నయం. చాలా కుక్కలకు మూడు నాలుగు వారాలకోసారి అవసరం పడుతుంది. క్విక్‌ను వెనక్కి తగ్గించాలనుకుంటే వారానికోసారైనా కొస తీయాలి.

ఇంట్లో తీయడం

మొదటిసారి నేను చేసిన తప్పు కట్టర్ దగ్గరే మొదలైంది. షాపులో దొరికిన చిన్న కట్టర్ తెచ్చాను. గుండ్రటి కన్నంలో గోరు దూర్చి నొక్కే రకం. చిన్న కుక్కల సన్నటి గోటికి అది బాగానే పనిచేస్తుంది. బ్రూనో గోరు ఆ కన్నంలో సగమే దూరింది. నొక్కితే తెగలేదు, నలిగింది. చాలా కుక్కలు భయపడేది కోతకంటే ముందు ఈ నలుగుడుకే. పదును లేని బ్లేడు, సరిపోని సైజు, రెండూ గోటిని చుట్టూతా పిండుతాయి, ఆ ఒత్తిడి లోపలున్న నరానికి తెలుస్తుంది. వాడు కాలు లాక్కున్నాడు, నేను గట్టిగా పట్టుకున్నాను. మూడో గోటి దగ్గర వాడు లాగిన క్షణంలోనే నేను నొక్కాను.

తెల్ల టైల్స్ మీద నల్లకుక్క ఎర్రటి అడుగులు. అమ్మ పసుపు డబ్బా తెచ్చింది. పసుపు అద్దడం, గుడ్డతో తుడిచి చూడటం, మళ్లీ అద్దడం. తుడిచిన ప్రతిసారీ గడ్డకట్టిన రక్తం ఊడిపోయి మళ్లీ మొదలవుతోందని అప్పుడు తెలియలేదు. తర్వాత డాక్టర్ గారు చెప్పారు, చెయ్యాల్సింది తుడవడం కాదు, అదిమి పట్టుకోవడం అని. పెట్ షాపుల్లో రక్తం ఆపే స్టిప్టిక్ పౌడర్ దొరుకుతుంది, గోరు కొస మీద చిటికెడు అద్ది కదలకుండా నొక్కి పట్టుకోవాలి. అది లేకపోతే పటిక పొడి. మంగలి షాపులో గడ్డం గీశాక గాటు పడిన చోట రుద్దే పటికే. కాస్త మండుతుంది, కానీ పని చేస్తుంది. రెండూ లేకపోతే వంటింట్లోని కార్న్‌ఫ్లోర్. చాలాసార్లు ఐదు పది నిమిషాల్లో ఆగిపోతుంది. ఆ తర్వాత ఓ గంట పరిగెత్తనివ్వకుండా, నాకనివ్వకుండా చూసుకోవాలి. పావుగంట, ఇరవై నిమిషాలు నొక్కి పట్టినా ఆగకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇంకో సంగతి, మన ప్రాంతంలో రక్తం ఆగకపోవడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇక్కడ ఏడాదంతా పిడుదులే. అవి కుట్టడం వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరంలో రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కుక్క నీరసంగా ఉంటే, చిగుళ్లు పాలిపోయి ఉంటే, ముక్కులోంచి రక్తం కనిపిస్తే, ఆ వారం గోళ్ల జోలికి వెళ్లకుండా ముందు రక్త పరీక్ష చేయించండి. డాబర్‌మన్ జాతిలో పుట్టుకతోనే రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. దాని పేరు వాన్ విల్లెబ్రాండ్ జబ్బు. ఇంట్లో డాబర్‌మన్ ఉంటే మొదటిసారి గోళ్లు తీసేముందే డాక్టర్‌ని ఆ మాట అడగడం మంచిది.

ఆ రోజు బ్రూనో గోటికి తగిలిన గాయం రెండు రోజుల్లో మానిపోయింది. భయం నాలుగు నెలలున్నది. కట్టర్ పెట్టిన సొరుగు తెరిచిన చప్పుడు వినపడితే చాలు, డైనింగ్ టేబుల్ కిందకి దూరేవాడు. అంతకుముందు షేక్‌హ్యాండ్ అంటే సంతోషంగా ఇచ్చే కాలు, నా చెయ్యి దగ్గరికొస్తే ముడుచుకునేవాడు. ఇంట్లో గోళ్లు తీయడంలో అసలైన ఖర్చు ఇదేనని నా అభిప్రాయం. రక్తం చూసి మనం భయపడతాం కానీ దానివల్ల ప్రమాదం తక్కువ. 34 కిలోల జంతువు "ఈ మనిషి చెయ్యి కాలి దగ్గరికొస్తే నొప్పి" అని నేర్చుకుంటే, ఆ తర్వాత దాని కాలిలో ముల్లు తీయాలన్నా, పిడుదు తీయాలన్నా కష్టమే.

మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాను. ఈసారి ప్లయర్‌లా రెండు బ్లేడ్లున్న పెద్ద కట్టర్ తెచ్చాను. మొదటి వారం కట్టర్ బయటికే తీయలేదు. రాత్రి భోజనాలయ్యాక నేల మీద కూర్చుని వాడి భుజం తాకడం, చికెన్ ముక్క పెట్టడం. మోకాలు తాకడం, ముక్క. అరికాలు తాకడం, ముక్క. ఉప్పూ ఉల్లిపాయా వెయ్యకుండా ఉడికించిన చికెన్, వేలిగోరంత ముక్కలు. ముందు తాకాలి, ఆ తర్వాతే ముక్క. వరస తిరగబడితే ముక్క కనపడగానే భయం మొదలవుతుంది. రెండో వారం కట్టర్ పక్కన పెట్టి ఉంచాను. ఎండు పాస్తా గొట్టాలు తెచ్చి వాడి పక్కనే కట్టర్‌తో ఒక్కోటి కోశాను, టక్కుమన్న ప్రతిసారీ ముక్క. మొదటి రోజు లేచి వెళ్లిపోయాడు. వెళ్లనిచ్చాను. నాలుగో రోజు టక్కుమనగానే నా మొహంలోకి చూశాడు, ముక్క ఏదీ అన్నట్టు. మూడో వారం చివర్లో ఒక్క గోరు, బియ్యపు గింజంత కొస తీశాను. ఆ రోజుకి అంతే.

"ఒక్క గోటికి మూడు వారాలా!" అని అమ్మ ఆశ్చర్యపోయింది. తర్వాత తనే రోజూ చికెన్ ముక్కలు కోసి పెట్టేది.

పట్టుకునే తీరు గురించి ఒక మాట. ఊళ్లో ఎద్దులకు నాడాలు కొట్టేటప్పుడు తాళ్లు వేసి పడగొట్టి, కాళ్లు కట్టేసి కొడతారు. గుర్రానికైతే అలా కాదు. దాని పక్కన నిలబడి, కాలు వెనక్కి మడిచి, గిట్ట అడుగుభాగం పైకి కనపడేలా పట్టుకుని కొడతారు. పెద్ద కుక్కకు పనికొచ్చేది ఈ రెండో పద్ధతి. కుక్క నిలబడి ఉంటుంది, కాలు దాని శరీరం కిందనే ఉంటుంది, వెనక్కి కొద్దిగా మడిచి పట్టుకుంటాం. పక్కకు లాగకూడదు. కుక్క కాలి కీళ్లు ముందుకూ వెనక్కూ ఆడినంత సులువుగా పక్కకు ఆడవు, తుంటి నొప్పి ఉన్న కుక్కకు అలా లాగితే ప్రాణం పోయినంత పనవుతుంది. కాలు పట్టుకున్న చెయ్యి వదులుగా ఉండాలి. అది లాక్కుంటే వదిలెయ్యాలి. వదిలేస్తానని నమ్మకం కుదిరాక బ్రూనో లాక్కోవడం తగ్గించాడు.

నల్లగోళ్లలో క్విక్ బయటికి కనపడదు. తెల్లగోటికైతే వెనక నుంచి టార్చి వేస్తే గులాబీ రంగులో తెలుస్తుంది. నల్లగోటికి రెండు ఆనవాళ్లున్నాయి. గోటిని తిప్పి అడుగు వైపు చూస్తే కొస దగ్గర సన్నటి గాడి లాగా బోలుగా ఉంటుంది. ఆ బోలు పూడిపోయి గట్టిగా అయిన చోటు దాకా క్విక్ ఉందనుకోవాలి. రెండోది కోసిన ముఖం. ఒకేసారి తుంచకుండా, వక్క చెక్కినట్టు పల్చటి పొరలుగా తీస్తూ, ప్రతి పొర తర్వాత ఆగి ఆ ముఖం చూడాలి. మొదట్లో పొడిగా, తెల్లగా, సుద్దముక్క విరిచినట్టుంటుంది. ఇంకా లోపలికి వెళ్తే మధ్యలో చిన్న గుండ్రటి మచ్చ కనపడుతుంది, ముదురు రంగులో, చుట్టుపక్కల కంటే కాస్త తడిగా, నిగనిగలాడుతూ. అక్కడ ఆపెయ్యాలి. ఆ మచ్చ తర్వాత మిగిలింది చాలా తక్కువ. పొద్దుటిపూట కిటికీ పక్కన కూర్చుంటే ఇది స్పష్టంగా తెలుస్తుంది, రాత్రి ట్యూబ్‌లైట్ వెలుతుర్లో పొరపాటు పడతాం.

కోసే బదులు అరగదీసే గ్రైండర్లూ ఉన్నాయి. మందపాటి గోళ్లకు అవి బాగుంటాయి, కొస నున్నగా వస్తుంది, క్విక్ తెగే భయం తక్కువ. అయితే రాపిడికి వేడి పుడుతుంది కాబట్టి ఒక్కో గోటి మీద రెండు మూడు సెకన్ల కంటే ఉంచకూడదు, తీసి మళ్లీ పెట్టాలి. గోల్డెన్ రిట్రీవర్ లాంటి బొచ్చు కుక్క అయితే వెంట్రుకలు చుట్టుకోకుండా పక్కకు అదిమి పట్టుకోవాలి. ఆ జుయ్యిమనే చప్పుడుకి అలవాటు చెయ్యడం మళ్లీ వేరే రెండు మూడు వారాల పని.

ఇవేవీ పడని కుక్కలకు ఇంకో మార్గం ఉంది. అడుగున్నర చెక్కకు వడ్రంగులు వాడే ఉప్పు కాగితం అంటించి ఏటవాలుగా పెట్టి, దాని మీద ముందు కాళ్లతో గీరడం నేర్పడం. మట్టి తవ్వే అలవాటున్న కుక్కలు ఇట్టే పట్టుకుంటాయి. తన గోళ్లు తనే అరగదీసుకుంటుంది. వెనక కాళ్లకు ఇది అంతగా కుదరదు, డ్యూక్లాకు అసలు కుదరదు.

ఎక్కడ ఆపాలో కుక్కే చెబుతుంది. పెదవులు మాటిమాటికీ నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, మొహం పక్కకు తిప్పుకుని కంటి తెల్లభాగం కనపడేలా చూడటం, ఉన్నట్టుండి బిగుసుకుపోవడం. ఇవి కనపడితే ఆ రోజుకి చాలించాలి. గుర్రుమంటే మాత్రం దయచేసి కసరకండి. గుర్రుమనడం అది మనకిచ్చే హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే ఈసారి హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. ఒకవేళ పన్ను దిగితే, మన కుక్కే కదా, టీకాలన్నీ వేయించాం కదా అని ఊరుకోకూడదు. గాయాన్ని పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి డాక్టర్‌కి చూపించుకోవాలి.

గ్రూమర్ దగ్గర

గ్రూమర్ దగ్గర మనం డబ్బిచ్చి కొనుక్కునేది అనుభవం ఉన్న చెయ్యి. వందల కాళ్లు పట్టుకున్న మనిషికి నల్లగోటిలో క్విక్ ఎంతదాకా ఉందో చూపుతోనే సగం అంచనా ఉంటుంది. పదునైన పనిముట్లు, ఎత్తైన టేబుల్, సాయానికి ఇంకో మనిషి ఉంటారు. మనం అరగంట తంటాలు పడే పని పది నిమిషాల్లో అయిపోతుంది. యజమాని ఎదురుగా ఉంటే గారాలు పోయి, పరాయి మనిషి దగ్గర బుద్ధిగా నిలబడే కుక్కలున్నాయి. మన టెన్షన్ కూడా కుక్కకు తెలుస్తుంది కదా. ఉత్త గోళ్లకైతే కొన్ని వందల రూపాయలు తీసుకుంటారు, అది పెద్ద భారం కాదు. పెద్ద కుక్కతో అసలు కష్టం అక్కడిదాకా వెళ్లడం. ఆటో అతను దూరం నుంచి చూసే వెళ్లిపోతాడు, క్యాబ్ వచ్చినా ఎక్కించుకోనంటాడు. సొంత కారు లేనివాళ్లకు ఇంటి దగ్గరికే వచ్చే గ్రూమింగ్ వ్యాన్ నయం, దాని లోపలి ఇరుకూ చప్పుడూ కుక్కకు పడితే.

నేను మొదట తీసుకెళ్లిన చోట నన్ను బయట కూర్చోమన్నారు. అద్దం తలుపులోంచి చూస్తున్నాను. ముగ్గురు కలిసి బ్రూనోని పక్కకి పడుకోబెట్టారు. ఒకతను మెడ మీద, ఒకతను నడుం మీద బరువు వేశారు, మూడో అతను చకచకా తీసుకుంటూ పోయాడు. ఎద్దుకి నాడాలు కొట్టడం గుర్తొచ్చింది. గోళ్లు మాత్రం చక్కగా తీశారు, ఒక్క చుక్క రక్తం రాలేదు. ఇంటికొచ్చాక వాడు సాయంత్రం దాకా వణుకుతూనే ఉన్నాడు, అన్నం ముట్టలేదు. తర్వాతి నెల అదే వీధిలోకి కారు తిరగగానే సీటు కిందకి నక్కాడు. పని పూర్తయిందా అని చూస్తే ఆ రోజు నూటికి నూరు మార్కులు. వచ్చే నెల పని సంగతి చూస్తే గుండు సున్నా. ఆ రోజు లేచి లోపలికి వెళ్లి ఆపమని చెప్పాల్సింది నేను. చెప్పలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇప్పుడు వెళ్తున్న చోట ఉన్న అమ్మాయి మొదటి రోజు టీకాల కార్డు అడిగింది. తర్వాత నేల మీద కూర్చుని పది నిమిషాలు బ్రూనో తన దగ్గరికి వచ్చేదాకా ఏమీ చెయ్యలేదు. ముందు కాళ్లవి నాలుగు గోళ్లు తీసి, "ఈ రోజుకి చాలు సార్, గురువారం మళ్లీ తీసుకురండి" అంది. సగం డబ్బులే తీసుకుంది. మంచి గ్రూమర్‌ని గుర్తుపట్టడానికి నాకు అంతకంటే పెద్ద గుర్తు అవసరం లేదు. మీరు కొత్త చోటుకి వెళ్తుంటే ఒకే ప్రశ్న అడగండి: "మా కుక్క పెనుగులాడితే మీరేం చేస్తారు?" ఆపేస్తామనో, ఇంకో రోజు రమ్మంటామనో, డాక్టర్ దగ్గర తీయించమంటామనో చెబితే సరే. "మేం చూసుకుంటాం, మీరు బయట ఉండండి" అంటే ఆలోచించాలి. నోటికి వేసే మజిల్ కూడా చూడండి. బుట్టలా ఉండి నోరు తెరవనిచ్చేది ఫరవాలేదు. గుడ్డతో నోరు బిగించేది కాసేపటికి మించి ఉంచకూడదు, ఎందుకంటే కుక్క ఒంటి వేడి తగ్గించుకునేది ముఖ్యంగా నోరు తెరిచి ఎగశ్వాస తీయడం ద్వారానే. మన ఎండల్లో, అదీ భయపడి ఉన్న పెద్ద కుక్కకు, నోరు కట్టెయ్యడం ప్రాణం మీదకి తెస్తుంది.

డాక్టరే చూడాల్సినవి

కొన్ని గోళ్లు మనమూ ముట్టుకోకూడదు, గ్రూమరూ ముట్టుకోకూడదు. వంపు తిరిగి చర్మంలోకి దిగిన డ్యూక్లా, సగం విరిగి వేలాడుతున్న గోరు, చీము పట్టిన వేలు డాక్టర్ చెయ్యాల్సినవి. ఒకదాని తర్వాత ఒకటిగా వేరువేరు కాళ్ల గోళ్లు ఊడుతుంటే అది గోళ్లు తీయడంలో జరిగిన పొరపాటు కాకపోవచ్చు. జర్మన్ షెపర్డ్‌లలో ఎక్కువగా కనిపించే, శరీరపు రక్షణ వ్యవస్థే గోటి మొదళ్ల మీద దాడి చేసే జబ్బు ఒకటుంది. నల్ల లాబ్రడార్, రాట్‌వీలర్ లాంటి పెద్ద నల్లకుక్కల్లో ఒకే వేలు వాచి, గోరు పక్కకు వంగి, మందులు వాడినా తగ్గకపోతే ఆలస్యం చెయ్యకండి. గోటి మొదట్లో వచ్చే ఒక రకం క్యాన్సర్ వీటిలోనే ఎక్కువ. తరచుగా గోళ్లు చూసుకునేవాళ్లకు ఇలాంటివి ముందే కంటపడతాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ కాలేజీలో, తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయంలో ఇలాంటివి చూసే నిపుణులున్నారు.

భయం మరీ ముదిరిన కుక్కలకు కూడా డాక్టరే దిక్కు. వెళ్లేముందు ఇంట్లోనే ఇచ్చే గాబాపెంటిన్, ట్రాజోడోన్ లాంటి ఆందోళన తగ్గించే మందులు కుక్క బరువునీ ఆరోగ్యాన్నీ చూసి వాళ్లు రాసిస్తారు. అవసరమైతే ఆసుపత్రిలోనే మత్తిచ్చి తీస్తారు. ఇంట్లో పెద్దవాళ్లు వేసుకునే నిద్రమాత్రలో సగం తుంచి ఇవ్వడం ఎంత మాత్రం చెయ్యకండి. గ్రూమర్ తానే మత్తుమందు ఇస్తానంటే కుక్కని తీసుకుని వచ్చెయ్యండి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వస్తాను. ఇంట్లో ఉన్నది కూన అయితే, ఎంత పెద్ద జాతిదైనా, నాకు సందేహం లేదు. కాలు తాకించుకోవడం మూడు నెలల వయసులో ఇంట్లోనే నేర్పాలి. లాబ్రడార్ లాంటిదైతే అప్పుడది పది కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది, ఏడాది తిరిగేసరికి ముప్పై దరిదాపుల్లోకి వస్తుంది. పెద్దయ్యాక దత్తత తెచ్చుకున్నదో, గోళ్లు బాగా పెరిగిపోయినదో అయితే మొదటిసారి డాక్టర్ దగ్గరో, ఓపికున్న గ్రూమర్ దగ్గరో తీయించి, ఆ వారం నుంచే ఇంట్లో కాలు పట్టుకోవడం అలవాటు చెయ్యాలి. ఇంట్లో చెయ్యి వణికేవాళ్లు, వంగి కూర్చోలేని పెద్దవాళ్లు గ్రూమర్ దగ్గరికే వెళ్లాలి, అందులో తప్పేమీ లేదు. కాకపోతే రెండు నెలలకోసారి కాకుండా, మూడు వారాలకోసారి ఉత్త గోళ్లకే వెళ్లాలి. చాలా ఇళ్లకు కుదిరేది రెండూ కలిపి చెయ్యడమే అనుకుంటున్నాను. తరచుగా చెయ్యాల్సిన చిన్న పని ఇంట్లో, కష్టమైనది బయట.

మా ఇంట్లో మంగళవారం, శుక్రవారం పొద్దున కిటికీ పక్కన చాప వేస్తాం. ఒక్కో రోజు ఒక ముందు కాలు, డ్యూక్లాతో కలిపి ఐదు గోళ్లు. బ్రూనో చాప చూసి తనే వచ్చి నిలబడతాడు, అమ్మ చికెన్ గిన్నెతో పక్కన కూర్చుంటుంది. వెనక కాళ్లు ఇంకా నన్ను పట్టుకోనివ్వడు. వాటికోసం మూడు వారాలకోసారి ఆ అమ్మాయి దగ్గరికి తీసుకెళ్తున్నాను. రాత్రిళ్లు వాడు నీళ్లకి లేచినప్పుడు ఇప్పుడు ముందు కాళ్ల చప్పుడు లేదు. వెనక ఎడమ కాలిది ఒక్కటి అప్పుడప్పుడు వినిపిస్తుంది.